అత్తయ్య పెట్టిన నీడ

హైదరాబాదు,
16 మే 2004

ప్రతాప్,

ఫోన్‌లో అయితే ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను. నా పీహెచ్‌డీ ఆపేస్తున్నాను. గైడ్‌కి కూడా ఇంకా చెప్పలేదు, ముందు నీకే.

శామీర్‌పేటలో మీ అమ్మ ఉండే మన మేడ మీద ఉపగ్రహాల సిగ్నల్ పట్టే యాంటెనా పెట్టాను కదా. మేడ్చల్‌లో ఇంకొకటి, కండ్లకోయలో ఇంకొకటి. పైన ఎక్కడో విద్యుత్ కణాల పొరలో అల కదిలితే, సిగ్నల్ ఒక ఊళ్ళో ముందు, ఇంకో ఊళ్ళో తర్వాత ఊగుతుంది. ఆ తేడాని బట్టే అల ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో చెప్పాలి. నెల రోజులుగా మన మేడ మీద మధ్యాహ్నం అయితే చాలు, ఊపే ఊపు. ఎంత మురిసిపోయానో!

ఇవాళ చెప్పకుండా వెళ్ళాను. చూస్తే ఏముంది, యాంటెనా పక్కన ఇనుప రేకు నిలబెట్టి ఉంది. "ఎండకు మాడిపోతాంది బిడ్డా, నీ డబ్బా. పొద్దుగూకంగ తీస్త తియ్" అన్నారు అత్తయ్య. సిగ్నల్ ఆ రేకుకి తగిలి మళ్ళీ యాంటెనాలో పడుతోంది. ఏ రోజు ఊపు అలదో, ఏ రోజుది రేకుదో నేను తేల్చలేను.

రేకు ఏ రోజు పెట్టారో, ఏ రోజు పెట్టలేదో ఆవిణ్ణి అడిగితే తెలుస్తుంది. అడగలేను. పెళ్ళయ్యాక ఏడాదిపాటు నాతో మాట్లాడని మనిషి, ఇప్పుడు నా డబ్బా కోసం మండుటెండలో మేడెక్కుతోంది. మీవల్ల నా పని పాడైందని ఏ నోటితో అనను? "చాలా బాగుంది అత్తయ్యా" అని నవ్వి వచ్చేశాను. చదువు పోతే పోనీ. నువ్వూ చెప్పకు, నా మీద ఒట్టు.

నీ
నవ్యశ్రీ

శామీర్‌పేట,
24 మే

బిడ్డ నవ్యకు,

నీ అత్త వజ్రమ్మ రాసేది. నీ ఉత్తరం వాడు నాకు పంపిండు. వాన్ని తిట్టకు, ఆ ఒట్టు నాకు తగలనీ. రెండుసార్లు సదివిన. మస్తు కోపమొచ్చింది. నవ్వుకుంట పోయి ఆడ కూసోని ఏడుస్తవా? ఏంది గిది? మీ అమ్మ గా రేకు పెడితే నాలుగు మాటలు అనకపోదువా? నేను పరాయిదాన్నా?

ఇగ ఇను. మే నెల మొదటి నాలుగు దినాలు నేను మేడ్చల్‌ల ఉన్న, మా అక్క సాలమ్మకు పాణం బాగలేక. ఇంటికి తాళం. రేకు పెట్టినోళ్ళే లేరు. నీ అల సంగతి నాకు తెల్వది, గని ఆ దినాలల్ల నా రేకైతే లేదు. జల్దీ చూసుకో. కొట్లాడాలంటే ఆదివారం వచ్చి ఎదురుంగ కొట్లాడు.

వజ్రమ్మ

హైదరాబాదు,
27 మే

అత్తయ్యా,

చూశాను. మీరు ఇంట్లో లేని నాలుగు రోజుల్లో మూడు రోజులు ఏమీ లేదు. మే మూడున మాత్రం మేడ్చల్‌లో, కండ్లకోయలో ఊగిన సిగ్నల్, ఒకటిన్నర నిమిషం తర్వాత మన మేడ మీదా ఊగింది. నెలంతటికీ ఒక్కటే అల, కానీ నిజమైంది! గైడ్‌కి రేకు సంగతి కూడా చెప్పేశాను. చదువు ఆపడం లేదు.

ఆదివారం వస్తున్నాను, కొట్లాటకే. ముందే చెప్తున్నాను, మీ పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువ. రెండేళ్ళుగా నోరు మూసుకుని తింటున్నాను.

మీ బిడ్డ
నవ్య