అరపూట గాట్లిన్

పెద్దన్నయ్య లూసియన్‌కు,

చెల్లెలు లెటీ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అమ్మ, ఆంబ్రోస్ మామయ్య, చిన్నన్నయ్య కోర్డెల్, నేను అందరం క్షేమంగా ఉన్నాం. నువ్వూ, నీ ఓడా, ఆ ఓడలో నీకు చప్పిడి కూడు వండిపెడుతున్న మహానుభావుడూ కూడా క్షేమమేనని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుని దిండు కింద పెట్టుకుంది. అన్నయ్యా, నా దగ్గర ఎంత పెద్ద వార్త ఉందంటే కలం నిలవడం లేదు. కానీ ముందే చెప్పేస్తే మిగతాది నువ్వు చదవవు, నీ సంగతి నాకు తెలుసు. అందుకని నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు చెప్పుకుంటూ వస్తాను.

అమ్మ మందులు వేళకు వేసుకుంటోంది. రక్తపోటు శనివారాలు తప్ప అదుపులోనే ఉంటోంది. శనివారం మ్యాచ్ కనక ఆ రోజు ఏ డాక్టరూ చేయగలిగేది లేదు. మామయ్య మోకాలి ఆపరేషన్‌కు ఎట్టకేలకు ఒప్పుకున్నాడు, జనవరిలో చేస్తారు. స్కూలు బస్సుకు వేరే డ్రైవర్‌ను చూసుకోమని చెప్పి కూడా వచ్చాడు.

ఇక నీ మూడో ప్రశ్న. కోర్డెల్‌కు ఏ దెబ్బా తగలకపోయినా సగం ఆటలో బెంచీ మీద కూర్చుంటున్నాడట, మా ఓడలో ఒకడు పేపర్లో చదివి నన్ను ఆట పట్టించాడు, వాడు ఒళ్లు దాచుకుంటున్నాడా అని రాశావు. అవునన్నయ్యా, దాచుకుంటున్నాడు. ఎందుకో చెప్తాను, చదివాక నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు.

కిందటి ఏడాది కాలేజీ జట్టులో వాడి ఫుట్‌బాల్ ఆట నువ్వు చూడలేదు. ప్రతి మ్యాచ్‌లోనూ బంతి వీడి చేతికే. దాన్ని చంకలో ఇరికించుకుని కొండల్లాంటి మనుషుల మధ్యకు దూరడం, వాళ్లంతా మీద పడితే కింద నుంచి లేచి, మళ్లీ అదే. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరేటప్పుడు అమ్మే వాడికి మేజోళ్లు తొడిగేది, వాడు వంగలేక. నవ్వుతూనే తొడిగించుకునేవాడు. ప్రొఫెషనల్ జట్లవాళ్లు బంతి మోసుకుపోయే రన్నింగ్ బ్యాక్‌ను ఎంచుకునేటప్పుడు ఎంత బాగా పరిగెత్తాడని ఎంత చూస్తారో, అప్పటికే ఎన్ని దెబ్బలు తిన్నాడని కూడా అంత చూస్తారు. పాత కారు కొనేవాడు ముందు మీటరు చూసినట్టు. ఆ కొలువు ఉండేదే నాలుగైదేళ్లు, ఆ తర్వాత ముప్పై నిండకుండానే ముసలాడి కింద జమ. ఆ కాస్త సంపాదనతోనే జీవితమంతా గడవాలి. ఆ కాళ్లను కాలేజీలోనే అరగదీసుకుంటే ఏమవుతుందో మన ఇంట్లో వాళ్లకు వేరే చెప్పాలా? మామయ్య ఇదే కాలేజీకి, ఇదే ఆట ఆడి, ఊరంతా భుజాల మీద మోస్తే ఊరేగాడు. ప్రొఫెషనల్ జట్టు డాక్టరు మోకాళ్లు నొక్కి చూసి తిరుగు బస్సు ఎక్కించాడు.

ఆగస్టులో కోర్డెల్ ఎవరికీ చెప్పకుండా కోచ్ స్ట్రిక్లండ్ గారి గదికి వెళ్లాడు. బంతి మోసే పనిలో సగమే తనకిచ్చి, మిగతా సగం ఆమోస్ ప్రూయిట్‌కు ఇవ్వమని అడిగాడు. ఈ ఆమోస్ లూయిజియానా కుర్రాడు, రెండేళ్లుగా బెంచీ మీదే కూర్చున్నాడు. వాడి గురించి తర్వాత చెప్తాను. కోచ్, జనం టిక్కెట్టు కొనేది సగం గాట్లిన్‌ను చూడ్డానికి కాదు బాబూ అన్నాడట.

దానికి మనవాడు, "నా మోకాళ్లు రెండే సార్. వాటితో మీకు ఈ ఒక్క ఏడాదే పని. నాకు చచ్చేదాకా పని" అన్నాడు.

కాదంటే వేరే కాలేజీకి వెళ్లిపోతాడని కోచ్‌కు తెలుసు. ఒప్పుకున్నాడు కానీ మనసు మాత్రం ఒప్పుకోలేదు.

సంగతి బయటికి పొక్కాక ఊరు ఊరంతా మన మీద పడింది. వాడికి 'అరపూట గాట్లిన్' అని పేరు పెట్టారు. పెట్రోలు బంకులో ఒకాయన, "ఏం బాబూ, టాంకు సగమే నింపమంటావా?" అని అడిగాడు. చర్చిలో సిస్టర్ ఓడెల్ అమ్మ పక్కన కూర్చుని, బద్ధకం గురించి బైబిల్లో ఎక్కడెక్కడ ఉందో ఎంతో ప్రేమగా చెప్పింది. అమ్మ కూడా అంతే ప్రేమగా, ఇతరుల కొడుకుల విషయంలో నోరు కట్టేసుకోవడం గురించి ఎక్కడుందో చూపించింది. మంగలి టిబ్స్ అయితే దుకాణం గోడ మీదున్న కోర్డెల్ ఫొటో తీసేశాడు.

మాకు అసలు భయం మామయ్యతోనే. ఆట పేరెత్తితే ఇప్పటికీ వెన్ను నిటారవుతుందే, ఆయన మేనల్లుణ్ణి క్షమిస్తాడా అని. ఫొటో తీసేసిన మర్నాడు మామయ్య టిబ్స్ దుకాణానికి వెళ్లాడు. క్షవరానికి వచ్చినవాళ్లంతా ఉన్నారు. గోడ మీద తన ఫొటో ఇంకా ఉంది, ఆ పాత జెర్సీతో, గాలిలో ఎగిరి ఉన్నది. దాన్ని కూడా దించమన్నాడట. టిబ్స్ నొచ్చుకుని, నువ్వు మా దేవుడివి ఆంబ్రోస్, నిన్నెలా దించుతాం అన్నాడట.

"దేవుణ్ణయితే నన్ను రోజూ ఆ బస్సు మెట్లు అడ్డంగా పాక్కుంటూ ఎక్కనిస్తారటయ్యా?" అన్నాడు మామయ్య. "నా మేనల్లుడికి తెలిసింది నాకు ఆ వయసులో తెలియలేదు. తెలిసినా నా మాట వినే కోచ్ లేడు. దించు."

టిబ్స్ దించలేదు. వారం తిరక్కుండా కోర్డెల్ ఫొటోనే మళ్లీ ఎక్కించాడు. కొంచెం పక్కకు, అద్దం వెనకాల, కానీ ఎక్కించాడు.

జట్టు గెలుస్తూనే ఉంది అన్నయ్యా, అది పేపరువాళ్లు సరిగా రాయలేదు. చిన్నన్నయ్య అలసట లేకుండా ఆడుతుంటే ఎంత చూడముచ్చటగా ఉందో. జింక పిల్లలాగా మలుపు తిరుగుతుంటే మా బ్యాండులో ట్రాంబోన్ ఊదాల్సిన నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేదాన్ని. ఆమోస్ ఆట వేరు. జింక కాదు, దున్నపోతు. నేరుగా వెళ్లి ఢీకొంటాడు.

అక్టోబరు వచ్చేసరికి నాకో విషయం అర్థమైంది. కోచ్ చిన్నన్నయ్యకు ఇచ్చిన మాట తప్పడం లేదు, కానీ అటు తగ్గిందంతా ఇటు ఆమోస్ మీదే వేస్తున్నాడు, పైపెచ్చు ఇంకొంత కలిపి. మనవాడికి తగలకుండా పోయిన ప్రతి దెబ్బా ఎక్కడికీ పోలేదు, ఇంకొక తల్లి కొడుక్కి తగులుతోంది. ఆ ఆలోచన వచ్చాక నాకు తిండి సయించలేదు. ఒకరోజు నేనే ఆమోస్‌ను అడిగాను, మా అన్న ఒళ్లు కాపాడ్డానికి నీ ఒళ్లు వాడుకుంటున్నారు, నీకు కోపం రాదా అని.

వాడు వేయించిన క్యాట్‌ఫిష్ తింటున్నాడు. నెమ్మదిగా మాట్లాడతాడు, వాళ్ల ఊళ్లో అందరూ అంతేనట. "మీ అన్న అడక్కపోతే నేనింకా ఆ బెంచీనే వెచ్చబెడుతుండేవాణ్ణి. ఆయన అడిగింది సరైనదే. కోచ్ లెక్కే తప్పు" అన్నాడు. మరి ఆ మాట కోచ్‌తో చెప్పొచ్చుగా అంటే, రెండేళ్లు ఆకలితో ఉన్నవాడు వడ్డన ఎక్కువైందని ఎలా అంటాడు అని నవ్వాడు.

ఇక వార్తకు వస్తున్నాను, కాస్త నిలదొక్కుకుని చదువు.

థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత శనివారం బ్రాంట్లీతో మ్యాచ్. చిన్నప్పుడు వాళ్ల చేతిలో మనం ఓడితే నువ్వు ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేవాడివే, ఆ బ్రాంట్లీ కాలేజీయే. నువ్వు నావికాదళంలో చేరినప్పటి నుంచి మనం వాళ్లను ఓడించలేదు. అమ్మా మామయ్యా పైవరసలో కూర్చున్నారు. నేను బ్యాండుతో గోలు పక్కనే ఉన్నాను. చివరి భాగానికి వచ్చేసరికి మనం నాలుగు పాయింట్లు వెనకబడ్డాం. చిన్నన్నయ్య వంతు అయిపోయి కూర్చున్నాడు. ఆమోస్ ఎడమ చెయ్యి సరిగా లేవడం లేదు, కుడి చేత్తోనే హెల్మెట్ సర్దుకుంటున్నాడు. అయినా బంతి వాడికే ఇస్తున్నారు. మా వెనకాల జనం 'అరపూటా, లేవరా' అని కేకలు పెడుతున్నారు.

అప్పుడు చిన్నన్నయ్య లేచి కోచ్ దగ్గరికి నడిచాడు. అక్కడేం మాట్లాడుకున్నారో తర్వాత వాడే చెప్పాడు.

"ఆమోస్ వంతు ఎప్పుడో అయిపోయింది సార్, వాణ్ణి పిలవండి."

"నీ వంతూ అయిపోయిందన్నావుగా. మరి బంతి ఎవరు మొయ్యాలి, నేనా?"

"నేను మోస్తాను. కానీ సగమంటే నా ఒక్కడికే సగం కాదు. ఇద్దరికీ."

కోచ్ వాడి మొహంలోకి చూసి, తలూపాడట. స్టేడియం అంతా లేచి నిలబడింది. వాడు లొంగిపోయాడనుకున్నారు, పాపం. ఆమోస్ బయటికొచ్చి కూర్చున్నాడు, డాక్టరు భుజానికి కట్టు కట్టాడు. చిన్నన్నయ్య బంతి తీసుకుని పరిగెత్తాడు, పడ్డాడు, లేచాడు, మళ్లీ పరిగెత్తాడు. అలా మైదానం ఆ చివర నుంచి ఈ చివరకు, మా బ్యాండు ముందుకే తెచ్చాడు. దాటితే ఆరు పాయింట్లు వచ్చే గోలు గీత ఇంక రెండడుగులుంది. గడియారం అయిపోవస్తోంది. అప్పుడు ఆమోస్ డాక్టరు వారిస్తున్నా వినకుండా పరిగెత్తుకొచ్చి, చిన్నన్నయ్య వెనకాల నిలబడ్డాడు. ఇద్దరూ ఒకేసారి మైదానంలో ఉండడం అదే మొదటిసారి.

బ్రాంట్లీవాళ్ల కళ్లన్నీ చిన్నన్నయ్య మీదే. బంతి అందించేవాడు దాన్ని చిన్నన్నయ్య పొట్టకు ఆనించాడు, వీడు రెండు చేతులూ ముడుచుకుని గుంపులోకి ఎగిరాడు. వాళ్లంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి వీడి మీద పడ్డారు, కొండ కూలినట్టు. కానీ వీడి చేతుల్లో ఏమీ లేదు. ఆనించినట్టే ఆనించి వెనక్కి లాగేసిన బంతి ఆమోస్ కుడి చంకలో ఉంది. ఆ దున్నపోతు జీవితంలో మొదటిసారి ఎవరినీ ఢీకొనకుండా, పక్క నుంచి, దొడ్లోకి నడిచినట్టు నడిచి గీత దాటాడు.

గెలిచాం అన్నయ్యా. బ్రాంట్లీని ఓడించాం.

పైన అమ్మ మాత్రం అరవలేదట. ఆ కుప్ప కింద నుంచి కొడుకు లేచేదాకా మామయ్య చెయ్యి వదల్లేదు. ఒక్కొక్కళ్లే లేచారు, చివరికి చిన్నన్నయ్య లేచి కూర్చున్నాడు, మోచేతులు గీరుకుపోయి, మోకాళ్లు రెండూ భద్రంగా. మైదానంలోకి జనం దిగిపోయారు. నేను కూడా ట్రాంబోన్ పక్కవాడికిచ్చి పరిగెత్తాను.

అన్నయ్యా, ఇక్కడే నీకు చెప్పకుండా దాచినది ఉంది. వేసవి నుంచీ దాస్తున్నాను. నేను పరిగెత్తింది చిన్నన్నయ్య దగ్గరికి కాదు. గడ్డి మీద కూర్చుని నావైపు చెయ్యి చాచిన నా తోడబుట్టినవాణ్ణి దాటుకుని వెళ్లి, ఆమోస్ మెడ పట్టుకుని ఏడ్చాను. కెమెరాలున్నాయని గానీ, ఊరంతా చూస్తోందని గానీ నాకు తోచలేదు.

వెనక నుంచి చిన్నన్నయ్య గొంతు వినబడింది. "ఒసేయ్, నీ అన్న ఇక్కడున్నాడే."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, చెల్లెలి కోసమే గాట్లిన్ ఆటలో వంతు వదులుకున్నాడని ఊరు అంటుందని భయం. చిన్నన్నయ్యకు అప్పటిదాకా తెలియదు, నీ మీద ఒట్టు. వాడు ఆమోస్‌ను కింద నుంచి పైదాకా చూసి, "వీడికి సగం పని ఇచ్చానంటే సగం ఇల్లు కూడా ఇచ్చానన్నమాట" అన్నాడు. తర్వాత వాడి దెబ్బలేని భుజం మీద ఒకటి వేసి, అక్కడే కూర్చుని పడీపడీ నవ్వాడు.

ఆదివారం ఆమోస్ భోజనానికి వచ్చాడు. అమ్మ మాంసం, కొలార్డు ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, తీపికి పీచ్ పళ్ల కాబ్లర్ చేసింది. కట్టుకట్టిన చేత్తో వాడు తంటాలు పడుతుంటే అమ్మే మాంసం ముక్కలు కోసి పెట్టింది. అంటే ఒప్పుకున్నట్టే, నీకు తెలుసుగా. చిన్నన్నయ్య ఏప్రిల్లో ప్రొఫెషనల్ జట్ల ఎంపికకు పేరు ఇస్తానన్నాడు. ఆ జట్ల పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు అప్పుడే కోచ్‌కు ఫోన్లు చేశారట. వీడు వెళ్లిపోతే మొత్తం బరువు ఆమోస్ మీదేగా. నోరు తెరిచి అడిగేశాను.

ఆమోస్ నెమ్మదిగా నమిలి, మింగి, ఆ పొద్దునే కోచ్ ఇంటికి వెళ్లొచ్చానన్నాడు. వచ్చే ఏడాది తనకూ సగమే కావాలని, మిగతాది కొత్తగా చేరే కుర్రాళ్లలో ఎవరికైనా ఇవ్వమని చెప్పాడట. కోచ్ ఏమన్నాడని మామయ్య అడిగాడు.

"కాఫీ తాగుతావా అని అడిగాడండీ. ఇద్దరం తాగాం. ఒక కుర్రాణ్ణి ముందే చూసి పెట్టాడట."

మామయ్య కాబ్లర్ గిన్నె తన ముందు నుంచి తీసి ఆమోస్ ముందుకు జరిపాడు. ఆయన తన కాబ్లర్ ఇంకొకరికి ఇవ్వడం నువ్వెప్పుడైనా చూశావా?

చదువు పూర్తయ్యాక పెళ్లి అనుకుంటున్నాం. నాన్న ఉంటే ఆయన్నే అడిగేవాడు. లేరు కనక, ఇంటికి పెద్దవాడివి నువ్వు, నిన్ను అడగాలంటున్నాడు. తనే రాస్తానన్నాడు, ముందు నన్ను రాయనిమ్మన్నాను. బ్రాంట్లీ వాళ్లందరినీ ఢీకొన్న మనిషి నీ జవాబు కోసం గజగజలాడుతున్నాడు. రోజూ పోస్టు వచ్చిందా అని అడుగుతున్నాడు, ఈ ఉత్తరం ఇంకా డబ్బాలో వెయ్యనే లేదని చెప్పినా సరే. తిట్టేది ఉంటే నన్ను తిట్టు, వాడికి మాత్రం ఒక్క మంచి ముక్క రాయి.

ఇట్లు,
రేపు వాడిచేతే ఈ ఉత్తరం పోస్టు చేయించబోతున్న
నీ ముద్దుల చెల్లెలు
లెటీ