ఈ అంశం మళ్ళీ తెరవరాదు

వెస్ట్ హార్లో, న్యూ హాంప్‌షైర్
అక్టోబరు 6, 1991

ప్రియమైన కొరిన్,

ఈ ఉత్తరం రాస్తున్నది నీకు తెలిసిన ఆన్సెల్ కాదు. తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకుని ఇనుప సామాన్ల కొట్లో మేకులు తూచి అమ్మే ఆ అల్పజీవి కాలం చేశాడు. ఇప్పుడు నీతో మాట్లాడుతున్నది వెస్ట్ హార్లో స్కూల్ డిస్ట్రిక్టు బడ్జెట్ కమిటీ గౌరవ సభ్యుడు. కాబట్టి నిలబడి చదువు.

ఎలా జరిగిందంటావా? స్కూలువాళ్ళు వేసవిలో మా కొట్టు నిచ్చెన పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. దానికోసం వెళ్ళి, లైట్లు వెలుగుతున్న గదిలోకి తల పెట్టాను. కమిటీవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒక సభ్యుడు ఫ్లోరిడాకి మకాం మార్చాడట, కుర్చీ ఖాళీ.

"అబ్బాయ్, నీకు ఈ ఊళ్ళో ఓటుందా?"

"ఉంది. నిచ్చెన..."

"కూర్చో."

అంతే. ప్రజాస్వామ్యం నన్ను అలా వరించింది. నిచ్చెన ఇంకా రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన మార్చిలో ఈ ఊరు తన సంగీతం టీచర్ని ఊడబెరికింది. బస్సులకి కాంట్రాక్టుంది. ప్రత్యేక శ్రద్ధ కావలసిన పిల్లల ఖర్చుకి చట్టం కాపలా. బాయిలర్లో పోసే నూనె సంగతి చలికాలం చూసుకుంటుంది. ఆ లావుపాటి బడ్జెట్ పుస్తకం మొత్తం తిరగేశాను కొరిన్, కొయ్యడానికి వీలుగా మెడ చాచి ఉన్నది నువ్వొక్కదానివే. వచ్చే మార్చిలో ఊరంతా కూడి బడ్జెట్‌కి ఓటేసే సభలో నిన్ను మళ్ళీ అతికించే బాధ్యత నేను స్వీకరించినట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది.

నీ గదిలో ఇప్పుడు జిమ్ చాపలు, పాడైపోయిన జిరాక్సు మిషను పెట్టారు. ట్యూబాలో, ఆ పెద్ద ఇత్తడి బూరాలో, ఎలుక కాపురం పెట్టింది. బోర్డు మీద మాత్రం నీ రాత అలాగే ఉంది: "రేపు క్లారినెట్లకి కొత్త రీడ్లు తెచ్చుకోండి." తుడవొద్దని ఊడ్చే ఆయన్ని బతిమాలాను. ఎందుకని అడిగితే కమిటీ ఉత్తర్వు అన్నాను.

నాకు జలుబు.

ఇట్లు,
గౌరవనీయుడు (ఇటీవలనే),
ఆన్సెల్

*

గ్రిండిల్ ద్వీపం, మెయిన్
నవంబరు 2

ప్రియమైన గౌరవ సభ్యుడు గారికి,

నిలబడే చదివాను. పడవ రేవులో కూర్చోడానికి చోటు లేదు మరి.

ఇక్కడ స్కూల్లో ఏడుగురు పిల్లలు. అన్ని పాఠాలూ నేనే, సంగీతం కూడా. తలా ఒక రేకు పిల్లనగ్రోవి ఇచ్చాను. ఏడుగురూ ఒక్కసారి ఊదితే రేవులో కొంగలు లేచి పోతున్నాయి. కిరాణా కొట్టు థెల్మా అంటుంది, "అమ్మాయ్, నువ్వు రాకముందు మాకు పొగమంచొక్కటే బాధ." అని, వెళ్ళేటప్పుడు వాళ్ళకి బిస్కెట్లు ఇస్తుంది.

టపా పడవ వారానికి రెండుసార్లు. గాలి తిరిగితే అదీ లేదు. నీ ఉత్తరం కోసం మూడుసార్లు రేవుకి వెళ్ళాను. వచ్చాక చూస్తే, అందులో బస్సులున్నాయి, బాయిలరుంది, నిచ్చెనుంది. నీ గురించి ఒకటే ముక్క: జలుబు.

ఊళ్ళో నీకు ఇంకేం లోటు లేదా ఆన్సెల్?

జలుబుకి ఉల్లిపాయ చారు తాగు.

నీ,
కొరిన్

*

వెస్ట్ హార్లో
జనవరి 19, 1992

ప్రియమైన కొరిన్,

జలుబు తగ్గింది. చారు వల్ల కాదు, విసుగు పుట్టి అదే పోయింది. ఊళ్ళో నాకు ఏం లోటని అడిగావు. సంగీతం టీచరు లేకపోవడం వల్ల బాలల మానసిక వికాసానికి కలుగుతున్న లోటు గురించి నా దగ్గర పదకొండు పేజీల నివేదిక ఉంది. పంపమంటావా?

మొన్న బహిరంగ విచారణ జరిగింది. నీ ఉద్యోగం నాలుగో అంశం. నేను లేచి గంభీరంగా ప్రవేశపెట్టాను. వెంటనే హార్లన్ స్టిక్నీ లేచాడు. గుర్తున్నాడుగా, ఏటా తన దిండు తనే తెచ్చుకుని ముందు వరసలో కూర్చునే ముసలాయన.

"ఏమయ్యా ఆన్సెల్ థిబొడో, ఆ ట్యూబా ఖరీదెంత?"

"అది కొనేశామండి ఎప్పుడో."

"మరి అందులో ఎలుకని పెంచడానికి మనిషి కావాలా?"

హాలంతా నవ్వింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. తర్వాత ఆయన మెల్లగా అన్నాడు: "నవ్వులాటకి కాదబ్బాయ్. నా పింఛను పెరగదు. ఇంటి పన్ను ఏటా పెరుగుతుంది. నిరుడు పన్ను కట్టడానికి వెనకాల మాపుల్ చెట్లు నరికి అమ్మాను. ఈ ఏడు ఏం నరకమంటావు?" బయటికొచ్చాక ఆయన కారు మంచులో దిగబడితే నేనే నెట్టాను. "ఓటు మారదు" అన్నాడు అద్దం దించి. "నెట్టడం కూడా మారదు" అన్నాను.

ఒక రహస్యం. నువ్వు ఎప్పుడూ సభ చివరిదాకా ఉండేదానివి కాదు కాబట్టి నీకు తెలిసి ఉండదు. ఓటర్లకిచ్చే పచ్చ కార్డులెత్తి ఒక అంశం నెగ్గించగానే జనం సగం మంది భోజనానికి పోతారు. అప్పుడు నెగ్గినవైపు ఓటేసిన మనిషి ఎవరైనా లేచి, "ఆ అంశం మళ్ళీ తెరవండి" అని అడగొచ్చు. మిగిలిన పిడికెడు మందితో మళ్ళీ ఓటింగు. నెగ్గింది ఓడిపోతుంది. దీనికి ఒకటే మందు. నెగ్గిన మరుక్షణం మనవాళ్ళలో ఒకరు లేచి, "ఈ అంశం మళ్ళీ తెరవరాదు" అని తీర్మానం పెట్టాలి. ఆ ఒక్క వాక్యం చెప్పే పని కమిటీ నాకు అప్పగించింది. గొంతు బాగుంటుందట. అద్దం ముందు సాధన చేస్తున్నాను. అమ్మ గదిలోంచి, "ఏమిట్రా తెరవరాదు, ఫ్రిజ్జా?" అని అరుస్తోంది.

ఇట్లు, నాలుగో అంశం సేవలో,
ఆన్సెల్

*

గ్రిండిల్ ద్వీపం
ఫిబ్రవరి 20

ప్రియమైన ఆన్సెల్,

పడవ రెండు వారాలు రాలేదు, రేవు గడ్డ కట్టింది. ఇవాళ పంచదార, కిరోసిను, నువ్వు ఒకేసారి వచ్చారు. నిన్నే ముందు విప్పాను. థెల్మా చూసి మూతి తిప్పింది.

ఒక సంగతి చెప్పాలి. వచ్చే ఏడాదికి కూడా ఉండమని ఇక్కడివాళ్ళు కాంట్రాక్టు ఇచ్చారు. ఏప్రిల్ మొదటి పడవకి సంతకం చేసి పంపాలి. పంచదార డబ్బా కింద పెట్టాను. టీ పెట్టినప్పుడల్లా కనిపిస్తోంది. మంచి మనుషులు. జీతం కూడా మీ ఊరికన్నా ఎక్కువ.

మీ సభ మార్చి రెండో శనివారం కదా. మధ్యాహ్నం నుంచి థెల్మా కొట్లో ఫోను పక్కన కూర్చుంటాను. నంబరు అడుగున రాశాను. ఏమైందో చెప్పు. తర్వాతే ఆ కాగితం సంగతి.

నువ్వు నాలుగో అంశం గురించి ఇన్ని పేజీలు రాస్తావు. నేను ప్రతి పేజీ తిప్పి వెనక కూడా చూస్తాను, ఇంకేమైనా రాశావేమోనని.

నీ,
కొరిన్

*

వెస్ట్ హార్లో
మార్చి 15

ప్రియమైన కొరిన్,

నిన్న ఫోన్లో నీకు చెప్పినదంతా చెప్పిన క్షణంలో నిజమే. నాలుగో అంశం నెగ్గింది. హాలు పచ్చ కార్డులతో పచ్చిక బయలులా అయింది. స్టిక్నీ కూడా కార్డు ఎత్తాడని నీకు అరిచి చెప్పాను. నేను కారు నెట్టిన ఫలమనుకున్నాను.

కాదు. నెగ్గినవైపు ఓటేస్తేనే కదా మళ్ళీ తెరవమని అడగడానికి అర్హత. మంచు మొదలైందని కొందరు పిల్లల్ని తీసుకుని ఇళ్ళకి పోయారు. మిగతావాళ్ళు బీన్స్, హ్యామ్ వడ్డిస్తున్నారని క్యాంటీనుకి పోయారు. స్టిక్నీ తన దిండు మీంచి లేచాడు. సభ నడిపే ఆర్డ్‌వే గారు సుత్తి కొట్టారు. మళ్ళీ ఓటింగు. నువ్వు పోయావు.

"తెరవరాదు" అని చెప్పవలసినవాడు చెప్పలేదు. ఆ మూర్ఖుడి పేరు రాసి ఈ కాగితాన్ని మైలపరచదలుచుకోలేదు. కమిటీవాళ్ళు అతన్ని ఏమీ అనలేదు. ఒక ప్లేటు బీన్స్ చేతిలో పెట్టారు. చల్లారిపోయాయి.

స్టిక్నీ వాకిట్లో ఆగి, "నీ మీద కోపం లేదబ్బాయ్" అన్నాడు. "నాకుంది" అన్నాను. ఎవరి మీదో చెప్పలేదు.

ద్వీపం మంచిది. జీతం ఎక్కువ. ఏడుగురు పిల్లలున్నారు, కొంగలున్నాయి. పంచదార డబ్బా కింద కాగితం మీద సంతకం చెయ్యి. ఇది గౌరవ సభ్యుడి సలహా. ఆన్సెల్‌ని అడక్కు, అతని సలహా వేరే ఉంది.

బోర్డు తుడవడానికి ఇంకా ఎవరినీ రానివ్వలేదు.

ఉంటాను,
ఆన్సెల్

*

గ్రిండిల్ ద్వీపం
ఏప్రిల్ 4

ప్రియమైన మూర్ఖుడా,

పేరు రాయకపోతే నాకు తెలియదనుకున్నావా? ఆ వాక్యం ఎవరి పనో నువ్వే జనవరిలో రాశావు. ఆ వేళకి ఆ మనిషి ఎక్కడున్నాడో ఈ లోకంలో అందరికన్నా నాకే బాగా తెలుసు. స్కూలు నడవలో ఫోను దగ్గర, చిల్లర పోస్తూ, నాతో మాట్లాడుతున్నాడు.

ఒక్క నిమిషం చెప్పి పరిగెత్తుదామనుకుని ఉంటావు. పరిగెత్తలేదు. "నెగ్గాం, ఇంటికి వచ్చెయ్" అన్నావు. ఊపిరి ఆడక మళ్ళీ అదే అన్నావు. "వచ్చెయ్ కొరిన్, వచ్చెయ్, ఈ ఊళ్ళో నాకేం తోచడం లేదు." ఇన్నేళ్ళలో నీ నోట ఒక్క జోకు లేకుండా ఇన్ని మాటలు వినడం అదే మొదలు. నీ వెనకాల సుత్తి చప్పుడు నాకు వినిపించింది, తెలుసా? "లోపలేదో జరుగుతున్నట్టుంది, వెళ్ళవా?" అన్నాను. "ఏం లేదు, బీన్స్ వడ్డిస్తున్నారు, నువ్వు మాట్లాడు" అన్నావు. నేనూ మాట్లాడాను. కాబట్టి నాలుగో అంశాన్ని చంపినవాళ్ళం ఇద్దరం. స్టిక్నీని వదిలెయ్, పాపం, ఆయన మాపుల్ చెట్లు ఆయనకి కావాలి.

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నీ మీద మండిపడ్డాను. ఊరంతటినీ నా కోసం పన్ను కట్టమని అడిగావు. నన్ను రమ్మని ఉత్తరంలో ఒక్కసారీ అడగలేదు. ఆ ఒక్క ముక్కకి ఖర్చు ఇరవై తొమ్మిది సెంట్ల స్టాంపు. ఊరి ఓటు అక్కర్లేదు.

ఇవాళ పొద్దున టపా పడవకి కాంట్రాక్టు తిరిగిచ్చేశాను. సంతకం లేదు. టీ మరక ఉంది. థెల్మా కళ్ళు తుడుచుకుంటూ, "ఏ ఉద్యోగం చూసుకుని పోతున్నావే పిచ్చిదానా?" అంది. లేదన్నాను. "మరి?" అంది. ఫోను వైపు చూపించాను. నిట్టూర్చి, వెళ్ళేటప్పుడు బిస్కెట్లు కడతానంది.

జూన్‌లో బడి మూసిన మర్నాటి పడవకి వస్తాను. మీ చర్చిలో ఆర్గను వాయించే ముసలమ్మకి వేళ్ళ నొప్పులని ఫోన్లో అన్నావుగా, అడిగి చూస్తాను. ఇళ్ళలో పాఠాలు చెప్తాను. వచ్చే మార్చికి నాకూ పచ్చ కార్డు ఉంటుంది, భోజనానికి లేవను.

ఇక పద్ధతి ప్రకారం. కొరిన్ వెస్ట్ హార్లోకి రావాలని తీర్మానం ప్రవేశపెట్టడమైనది. బలపరిచినవారు: మార్చి 14న ఫోన్లో నువ్వు, చాలాసార్లు. అనుకూలం ఇక్కడ ఒకటి, థెల్మా ఏడుస్తూనే చెయ్యెత్తింది, ఆమెకి మీ ఊళ్ళో ఓటు లేదు. వ్యతిరేకం లేదు. నెగ్గింది.

నువ్వు ఎలాగూ మరిచిపోతావు కాబట్టి నేనే లేచి చెప్తున్నాను, గట్టిగా, ఏడుగురు పిల్లలు కిటికీలోంచి చూస్తుండగా:

ఈ అంశం మళ్ళీ తెరవరాదు.

బోర్డు తుడవనివ్వకు. "రేపు" అని రాసింది నేను.

నీ,
కొరిన్