తెల్లగా పోయేది పొగ కాదట

తమ్ముడికి,

నీతో ఇక మాట్లాడనని చెప్పాను, మాట్లాడను. ఇది ఉత్తరం.

ఇల్లు వెచ్చబడడానికి నువ్వు పెట్టిన గ్యాస్ బాయిలర్ గొట్టంలోంచి తెల్లగా పొగ పోతుంటే, వేడంతా వీధిపాలవుతోందనుకుని, నువ్వు కొలిచి బిగించిన గ్యాస్ మరమేకు నేనే తిప్పాను. దాంతో గ్యాస్ సరిగ్గా మండక, మొన్న మీ వదిన విషవాయువు పీల్చి వంటింట్లో పడిపోయింది. బతికింది. గ్యాస్ కట్టేయడానికొచ్చిన మనిషి, "అది పొగ కాదు పెద్దాయనా, ఆవిరి. వేడిని బాగా పిండుకుంటోందని గుర్తు" అన్నాడు. ఆ ముక్క నువ్వు ముందే చెప్పి ఏడవొచ్చుగా.

రేపు ఆమెను ఆస్పత్రి నుంచి పంపేస్తారు. గ్యాస్ లేక ఇల్లు చలికి గడ్డకట్టిపోతోంది. గొట్టంలోంచి పోయే గాలిలో విషం ఎంతుందో కొలిచే మీటరు పట్టుకుని, ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు బండిలోనే బయల్దేరు. ఇంకొకడి చెయ్యి దాని మీద పడనివ్వను.

"మీ తమ్ముడి పని ఇలా తగలడింది" అంటోంది మీ వదిన. నేను ఊఁ కొట్టాను. నువ్వొచ్చి నా పక్కన నిలబడు, నిజం చెబుతాను.

మీ అన్న