మగ్గం గుంతలో కొత్త కాలు

బుధవారం

ఉదయం పదకొండున్నరకు ధర్మవరంలో నేతగాడు ఓబులేసు కొత్త కృత్రిమ కాలితో మగ్గం గుంతలోకి దిగాడు. కింది తొక్కుడు చెక్కను తొక్కలేకపోయాడు.

పోయిన వారం పెనుకొండలో కాళ్లు అమర్చే శిబిరంలో ఇదే కాలితో బాగానే నడిచాడు. ఆ నడక చూసి, మళ్లీ నేత పట్టాడని మా పత్రికలో రాసేశాను. నేత మాత్రం చూడలేదు.

కాలు తయారుచేసిన షాహిదా హిందూపురం నుంచి వచ్చింది.

"యాడ నొప్పి, ఓబులేసన్నా?"

"నొప్పి లేదు మేడమ్. చెక్క యాడుండాదో ఈ కాలికి తెలీడంలే."

ఆమె చెప్పులు విడిచి తనే గుంతలో కూర్చుంది. రెండు చెక్కలూ మార్చి మార్చి తొక్కింది.

"నిదానం మేడమ్! చీర చెడితే మీరే కట్టుకోవల్ల."

ఆమె నవ్వలేదు. "నేను నడక ఒక్కటే కొలిచినా. నీ పనేందో అడగలేదు. ఈ పాదం చీలమండ కాడ వంగల్ల" అంది.

అలా వంగితే నడకలో తూలుతాడేమో. అడిగాను, చూడాలంది.

ఆ మగ్గం ఇన్నాళ్లూ ఓబులేసు తమ్ముడు నేశాడు. ఒకటో తేదీ నుంచి అతను ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనికి పోతాడు. అప్పటికి ఓబులేసు నేయలేకపోతే మగ్గం విప్పేయాల్సిందే.

పత్రికకు సవరణ పంపాను: ఓబులేసు నడుస్తున్నాడు, ఇంకా నేయడం లేదు.

శనివారం పదింటికి మళ్లీ కొలతలు. ఈసారి షాహిదా అతన్ని గుంతలో కూర్చోబెట్టి తీసుకుంటుంది.