ఆ కుట్టు నాది

అక్కా,

మధ్యాహ్నపు ఎండ లైబ్రరీ కిటికీలోంచి బైండింగ్ దారాల మీద పడితే, నేనెక్కడున్నానో మరిచిపోతాను. పోయిన వారం అలాగే, ఊడిన పాత నవలను చదువుతూ కుడుతూ, చివరి పేజీలను ముందు పెట్టి కుట్టేశాను.

తప్పు నాకు పని నేర్పే బైండింగ్ తాత మీద పడింది. “చూపు తగ్గింది, నెలాఖరుకి మానెయ్యండి” అన్నారు లైబ్రేరియన్ గారు. తాత కూడా నమ్మేశాడు. “నాకే మతి తప్పిందమ్మాయ్. పాపం హీరో, చచ్చాక పుట్టాడు” అని నవ్వాడు.

చిన్నప్పుడు బెత్తానికి భయపడి నిజం చెప్పేదాన్ని. తర్వాత కాన్వెంటు స్కూల్లో సిస్టర్ల మెప్పు కోసం, నీ మెప్పు కోసం చెప్పాను. ఇప్పుడు నన్ను అనుమానించేవాళ్ళు లేరు, మెచ్చుకునేవాళ్ళూ లేరు. వారం నుంచీ నా తప్పు తాత మీదే ఉంచాను. భయం మొదటి మెట్టు, మెప్పు రెండోది అనుకుంటే, ఇరవై మూడేళ్ళొచ్చినా నేనింకా ఆ రెండో మెట్టు మీదే కూర్చుని ఉన్నాను.

ఏం చెయ్యమంటావని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ నువ్వు చెప్పమంటే, అదీ నీకోసం చెప్పినట్టే అవుతుంది.

ఇక్కడిదాకా రాసి, లైబ్రేరియన్ గారి గదికి వెళ్ళొచ్చాను. తాతను ఉండమన్నారు. నా సంగతి రేపు చెబుతారట. తాత నా చేతిలోని సూది లాక్కుని, “చదివితే చదువు, కుడితే కుట్టు” అన్నాడు.

జవాబులో నన్ను మెచ్చుకోకు.

నీ చెల్లి