ప్రార్థన మందిరంలో పట్టిన రీళ్లు

కట్టంగూర్,
1992 ఆగస్టు, ఆదివారం ఆరాధన అయినాక.

ప్రియమైన అమ్మకు,

నీ కొడుకు ఇస్రాయేలు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నాడు. ఇక్కడ నేను, నీ కోడలు బిక్షమ్మ, పిల్లలు ఆయన కృపలో నిలబడి ఉన్నాము. పాలమూరులో నువ్వు, చెల్లె ఇంటివాళ్లు కూడా అట్లాగే ఉన్నారని నమ్ముతున్నాను. నీ ఉత్తరాలు రాసిపెట్టే చెల్లె బిడ్డ మంజులత నీ దగ్గు సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయనందుకే నాకు అనుమానం. దవాఖానకు పోతున్నావో, పోయినట్టు చెబుతున్నావో ఈసారి సరిగ్గా రాయించు.

నువ్వు అడిగినవాటికి జవాబు. మేక ఈనింది, రెండు పిల్లలు. ఒకటి పాలు సరిగా తాగడం లేదు. మందిరం మీద పగిలిన రేకు మార్పించాము. ఇక నీ ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చినట్టు, జుట్టు పొడుగున్నవాళ్లు ఎవరన్నా వచ్చి మందిరం గురించి అడిగారా అని రాయించావు. ఆ మాట ఎందుకు అడిగావో నాకు అంతు పట్టలేదు. అంతు పట్టని మాటను నేను వదిలిపెట్టనని నీకు తెలుసు.

వచ్చాడమ్మా, ఒకాయన. పొడుగు జుట్టు లేదు, బట్టతల. పేరు ఆజం, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం. బాపు పోయిన ఏడు ఈయన, ఈయన దోస్తులు కరెంటు గిటార్లు, డ్రమ్ములు వేసుకొని మన ఊరికి వచ్చారట. వాళ్లలో ఒకడు సినిమా తీశాడట. దాంట్లో కథ లేదు, మనుషులు లేరు. గుట్టలు, నీడలు, బండ మీద పాకే చీమలు, అంతే. దానికి సంగీతం మన ప్రార్థన మందిరంలో పట్టారట, గోడలు శబ్దాన్ని తిప్పి కొడతాయని. ఆ రోజుల్లో నేను ఆలేరులో రైల్వే కూలికి ఉన్నాను, నాకేమీ తెలియదు. ఆ సినిమా ఎక్కడా ఆడలేదు. సంగీతం పట్టిన టేపు రీళ్లు కూడా పోయాయనుకున్నారు.

నల్గొండలో మైకుసెట్టు అహ్మద్ అలీ నీకు తెలుసు కదా, మన కూటాలకు మైకు కట్టేవాడు. వాళ్లకు జనరేటరు కిరాయికి ఇచ్చింది ఆయనే. మొన్న దుకాణం మారుస్తూ అటక దులిపితే డబ్బాలో రెండు రీళ్లు దొరికాయి. ఆజంకు కబురు పెట్టాడు, నాకూ పెట్టాడు. ‘డబ్బా మీద మీ మందిరం పేరున్నది అయ్యగారూ, మీరు ఇని సరే అంటేనే ఇస్త’ అన్నాడు. ఆజం వాటిని క్యాసెట్టుగా వేస్తాడట.

ఆజంతో కలిసి దుకాణానికి పోయి విన్నాను. గిటారు బస్సు బ్రేకు లాగా కీచుమంది. దాని వెనక ఒక గొంతు. మాట లేదు, భాష లేదు. ఊపిరి లోపలికి పీల్చుకుంటూ, ఎవరినో బావిలోకి వెనక్కి లాగుతున్నట్టు ఉంది. గొంతు ఎవరిదని అడిగితే ఆజం నేల చూస్తూ ‘యాద్ లేదు సాబ్’ అన్నాడు. బండ మీది చీమ గుర్తున్నవాడికి మనిషి గొంతు గుర్తు లేదా? పరిశుద్ధ స్థలంలో ఏ అపవిత్రాత్మను పిలిచారో అనుకున్నాను. మళ్లీ వింటానని చెప్పి రెండూ ఇంటికి తెచ్చాను. ఆ ఆదివారం దేవుని ఆజ్ఞ మీరి ఆకాను డేరాలో దాచిన శపిత వస్త్రం గురించి ప్రసంగించి, మందిరం ముందు మొదటి రీలు మీద కిరోసిన్ పోసి అంటించాను. సంఘమంతా హల్లెలూయ చెప్పింది.

రెండోది ఎందుకు ఆపానంటే, ఇలాంటి సంగీతంలో సైతాను మాటలు తిరగేసి దాస్తారని సికింద్రాబాద్ కూటాల్లో ఒక కరపత్రం ఇచ్చారు. సాక్ష్యం పట్టుకొని సంఘానికి వినిపించాలని నల్గొండ పోయాను. దుకాణంలో ఆజం కూడా ఉన్నాడు. రీలు తిరగేసి పెట్టమంటే ఆయన లేచి నిలబడ్డాడు.

‘గది కూడా కాలవెట్టుర్రి సాబ్, ఏమనను. ఉల్టా మాత్రం పెట్టకుర్రి.’

దొంగ దొరికాడనుకున్నాను. ‘పెట్టు భాయ్’ అన్నాను. అహ్మద్ అలీ చుట్టలు ఇటుది అటు మార్చాడు.

మంజులతా, ఇక్కడ ఆగి తలుపు వేసి రా. ఇక్కడి నుంచి అవ్వ ఒక్కదానికే వినపడేటట్టు చదువు. మీ అమ్మకు కూడా చెప్పకు.

అమ్మా, ఆ పెట్టె నన్ను పేరు పెట్టి పిలిచింది. సైతాను నా పేరు ఎరిగి ఉన్నాడనుకున్నాను. తర్వాత మాట తేలింది.

‘ఓ ఇస్రాయేలు బాపో, బాయి కాడికి సద్ది గట్టిస్తి గదనయ్యా, ముట్టకనే పోతివా...’

నువ్వు. బాపును ఎప్పుడూ నా పేరుతోనే పిలిచేదానివి.

బాపును సమాధి చేసిన రోజు నువ్వు శోకం ఎత్తుకోబోతే అప్పటి పాస్టరు ఆపాడు. నిరీక్షణ లేనివాళ్ల లాగా మనం ఏడవకూడదని పౌలు మాట చదివాడు. నువ్వు చీర కొంగు నోట్లో కుక్కుకున్నావు. నాకు నువ్వు విశ్వాసంలో బలమైనదానివిగా కనపడ్డావు. ఇన్నేళ్లుగా ప్రతి సమాధి దగ్గర నేనూ ఆ వాక్యమే చదివి ఆడవాళ్ల నోళ్లు మూయించాను.

ఆజం ఇక దాచలేదు. ‘మందిరం ఊడ్వనీకి వచ్చింది అమ్మ. మైకు సూసి, గీ ఇనుప ముక్క ఏంది బిడ్డా అనడిగింది. గొంతు దాస్తదమ్మా అన్నం. నేనేడుస్త, దాస్తరా అన్నది. మా సంఘపోళ్లకు తెల్వద్దన్నది. గందుకే ఉల్టా చేసినం సాబ్. జబాన్ ఇచ్చినం.’

నేను దొంగ అనుకున్నవాడు నీకు ఇచ్చిన మాట కోసం తన సంగీతాన్ని మంటకు వదులుకోబోయాడు. వేదంలేని మనిషి అని నేను చిన్నచూపు చూసినవాడు!

ఒకటి దాచి ఇంతదూరం రాశాను. శోకం మొదలు మొదటి రీలులో ఉందట. నువ్వు బాపును ఏమని పిలిచి మొదలుపెట్టావో, ఏమని నిలదీశావో, అదంతా నేను హల్లెలూయల మధ్య కాల్చాను. నీ ఏడుపును రెండోసారి ఆపినవాడిని నేనే.

మొన్న మన సంఘంలో సోమన్న పోయాడు. భార్య శోకం ఎత్తుకోబోయి నన్ను చూసి నోరు మూసుకుంది. లాజరును లేపబోతూ కూడా ప్రభువు ఏడ్చాడు కదా, ఆ మాటను ఇన్నేళ్లు ఎట్లా దాటిపోయానో తెలియదు. ‘ఏడువు వదినా’ అన్నాను. పెద్దలు కొందరు నాతో మాట్లాడటం మానేశారు. మాననీ.

ఉన్న రీలు నా దగ్గర పదిలంగా ఉంది. ఇవ్వమంటే ఆజంకు ఇస్తాను, ఉంచమంటే ఉంచుతాను. నీ మాట లేకుండా ముట్టనని ఆయనా అన్నాడు. ఉత్తరంలో రాయించవద్దు, బుధవారం బస్సుకు నేనే వస్తున్నాను. మొదట్లో బాపుతో ఏమన్నావో చెప్పాలనిపిస్తే నాకు చెప్పు. ఏడవాలనిపిస్తే ఏడువు. వాక్యం చదవడానికి రావడం లేదమ్మా, వినడానికి వస్తున్నాను.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన పెద్దోడు,
ఇస్రాయేలు