వంక పెట్టని నాలిక

మే 3, ఉదయం
ఈరోజు నుంచి దసరా దాకా తిండిలో దేనికీ వంక పెట్టను! వాసవమ్మ పటం ముందు కర్పూరం వెలిగించి మొక్కుకున్నాను.

కారణం: మొన్న కోయిలకుంట్లలో బంధువుల గృహప్రవేశం. పులిహోరలో చింతపండు పాతది అన్నాను. ఉన్న మాటే. వంట చేయించినామె పంక్తిలోనే ఏడ్చింది. తిరుగు బస్సులో నా కొడుకు కేశవులు, "అమ్మా, నీ నాలికకు బయపడి ఇంగ మనల్ని ఎవురూ భోజనానికి పిల్చరు" అన్నాడు.

నిజమే. వాళ్ళు పిలవకపోతే రేపు నా పెద్దకర్మకు మాత్రం ఎవరొస్తారు?

మే 5
కోడలు సుచరిత ఉప్మా చేసింది. జిగురు. "బాగుండాది" అన్నాను. దాని చేతిలో గరిటె జారింది. ఇంత సులభమని తెలిస్తే ఎప్పుడో మొక్కుకునేదాన్ని!

మే 9
సాంబారులో ఉప్పు లేదు. అనలేదు. "ఉప్పు డబ్బా యాడుండాది?" అన్నాను అంతే. అడగడం వంక కాదు.

మే 17, సాయంత్రం
మనవడు వాసుదేవ్ బెంగళూరు నుంచి వచ్చాడు. బీరు కాచే చోట పని వాడికి. బట్టల మధ్య రెండు సీసాలు! దారిలో పోలీసులు పట్టుకుని ఉంటే? పేపర్లో ఫొటో వేసి ఉంటే?

మామిడిపండుతో సొంతంగా కాచాడట. మామూలు బీరు కంటే రెట్టింపు ఘాటు. వచ్చే నెలాఖరుకు వాళ్ళ ఓనరు, బయట నుంచి ఇద్దరు వచ్చి రుచి చూసి తీర్పు చెబుతారు. నెగ్గితే కాచే పని ఇస్తారు. లేకపోతే ఇప్పటిలాగే పీపాలు కడగడం.

"అవ్వా, తాత అంగట్లో చెనిక్కాయ నూనె కల్తీని నాలికతోనే పడ్తాంటివంట కదా. దీన్ని రోంత చూడు. మింగొద్దు, ఉమ్మెయ్."

ముందు ముక్కుతో, తర్వాత నాలికతో, చివర గొంతుతో చూడాలట. నోట్లో తగిలే చిక్కదనాన్ని బీరుకు బాడీ అంటారట! ఆ మాట నేను ఆస్పత్రి దగ్గర తప్ప వినలేదు.

కేశవులు ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, "శానా బాగుండాది రా" అన్నాడు. సుచరిత మూత వాసన చూసి "సూపర్ నాయనా" అంది.

నేను ఒక చుక్క వేసుకుని ఉమ్మేశాను. తెలిసిపోయింది.

"ఎట్లుండాది అవ్వా?"

పటంలో వాసవమ్మ నన్నే చూస్తోంది.

"బాగుండాది."

వాడు నన్ను ఎత్తి తిప్పాడు. నడుము పట్టేసింది.

మే 19
మధ్యాహ్నం కునుకులో కల. వాసు తల నెరిసిపోయి ఉన్నాడు, ఇంకా పీపాలే కడుగుతున్నాడు. బీపీ మాత్ర వేసుకున్నాను. ముందే ఒకటి వేసుకున్నానేమో!

ఆలోచిస్తే, బీరు తిండి కాదు. మొక్కులో తిండి అనే ఉంది. వాసవమ్మకు ఆ తేడా తెలుసు.

వాసు నిన్ననే బెంగళూరు వెళ్ళిపోయాడు. ఫోన్ చేశాను.

"వాసూ, ఆ పండ్లు యాడ కొన్నావు రా?"

"ఈడే, మార్కెట్లో. ఏమి?"

"కార్బైడు ఏసి మాగేసినారు. పైన పసుపు, లోపల పచ్చి. వాసన రాకనే పులుపొస్తాది. చివర్న నాలిక గోకుతాది."

"అందరూ బాగుందన్నారు కదా!"

"మీ నాయన నీ మొగం చూసి చెప్పినాడు. మీయమ్మ మూత చూసి చెప్పింది."

"నువ్వూ అంటివి కదా!"

"నేను వాసవమ్మను చూసి చెప్పినా."

ఫోన్ పెట్టేశాడు.

మే 24
వాడు ఫోన్ ఎత్తడం లేదు. "మనవడూ పాయె నీ నోటికి" అన్నాడు కేశవులు.

బనగానపల్లెలో తోట ఉన్న ఓబుళేశు చేత, వరిగడ్డిలో మాగిన పండ్లు ఒక బుట్ట బెంగళూరు బస్సుకు వేయించాను. మాట మాత్రం ఏమీ చెప్పి పంపలేదు. చెబితే వంక అవుతుంది.

జూన్ 21
వాసు వచ్చాడు! చెప్పులు విప్పకముందే సీసా తీశాడు. నేను పంపిన పండ్లతోనే కాచాడట.

"అవ్వా, బాగుండాది అంటే నమ్మను. వంక చెప్పు. వచ్చే శనివారమే తీర్పు."

ఒక చుక్క. ముందు పండు వాసన, ఆ తర్వాత ఘాటు. ఉమ్మేశాను. వంక దొరకలేదు. భయమేసింది. నా నాలిక పోయిందా?

ఇంకో చుక్క. ఉమ్మేస్తే గొంతు సంగతి ఎలా తెలుస్తుంది? మింగాను. చేదుంది, కానీ బాగా వేయించిన కాకరకాయలా మర్యాదగా ఉంది.

అర గ్లాసు. దొరకలేదు.

గ్లాసు.

సుచరితను పిలిచి ఉప్మా జిగురని చెప్పాను. సాంబారు సంగతీ చెప్పాను. కేశవులు మీసం గురించి కూడా చెప్పానట. వాసవమ్మ పటాన్ని గోడవైపు తిప్పానట. నాకు గుర్తులేదు.

జూన్ 22
తల పగిలిపోతోంది. లివరు పోయిందేమోనని సుచరితను అడిగాను.

"లివరుండాది అత్తా. మొక్కే పాయె."

జూన్ 28, రాత్రి
వాసు నెగ్గాడు! సోమవారం నుంచి కాచే పని!

మళ్ళీ మొక్కు. ఈసారి తిండి, నీళ్ళు, బీరు అన్నీ కలిపి. ఉగాది దాకా. వాడు ఫోన్లో ఉండగానే పటాన్ని తుడిచి, కర్పూరం పెట్టి, అగ్గిపుల్ల తీశాను.

"తీర్పు చెప్పినోళ్ళలో ఒకాయప్ప మాత్రం మామిడి వాసన రోంత ఎక్కువైందన్నాడవ్వా."

ఎక్కువా? బనగానపల్లె పండుకా? ఏం తిని పెరిగాడు వాడు? వాళ్ళమ్మ ఏం పెట్టింది వాడికి?

అగ్గిపుల్ల మళ్ళీ పెట్టెలో పెట్టాను. మొక్కు రేపటి నుంచి.

"వాసూ, ఆయప్ప నంబరియ్యి."